బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి

మొగిలిలంక వాళ్ళకి ఏ వస్తువు ఇచ్చినా నెల తిరక్కుండా దాని అంతు చూస్తారు. ఇది సత్యకుమారి మాట. ఆవిడేమీ పరాయి మనిషి కాదు, పుట్టిందీ మెట్టిందీ ఆ లంకలోనే, కాబట్టి ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. వెదుళ్ళరేవు ఏటిగట్టు మీద రైతుల సంఘానిది ఒక రేకుల గది ఉంది, సెంటరంటే అదే. అందులో బల్ల వేసుకుని కూర్చుని లంకల వాళ్ళ పేజర్లకి వైద్యం చెయ్యడం ఆవిడ పని.

పేజర్లేంటి, ఈ రోజుల్లో ఇంకా ఉన్నాయా అంటారేమో. ఉన్నాయండి. వరదొస్తే లంకల్లో ముందు పోయేది కరెంటు, దాని వెనకాలే సెల్ టవరు. అప్పుడు చేతిలో ఎంత మంచి ఫోనున్నా మొహం చూసుకోడానికే పనికొస్తుంది. అందుకని మూడేళ్ళ కిందట ఎవరో సేవాసంస్థ వాళ్ళు, టవరుతో పనిలేకుండా మెసేజ్ పోయేవి, తిరిగి జవాబు కూడా వచ్చేవి, ఇరవై పేజర్లు ఇచ్చి వెళ్ళారు. గట్టు మీద ఒక పొడుగాటి ఇనపస్తంభం పాతి, సెంటర్లో ఒక పెద్దపెట్టె పెట్టారు. చేతిలో ఉండేవి చిన్నపెట్టెలు. ఒకటి నొక్కితే బయలుదేరాను, రెండు నొక్కితే చేరాను, మూడు నొక్కితే ఆగాను, నాలుగు నొక్కితే సాయం కావాలి. ఓపికున్నవాళ్ళు బియ్యపుగింజలంత మీటలు నొక్కుకుని మాటలు కూడా కొట్టుకోవచ్చు.

ఇక జబ్బులు చూడాలి! ఒకాయన బ్యాటరీ తలకిందులుగా పెట్టుకుని, కంపెనీ వాళ్ళు మోసం చేశారని గట్టంతా అరుచుకుంటూ వచ్చాడు. ఒకావిడ పేజరుని దేవుడి గూట్లో పెట్టి రోజూ కుంకుమ పెడితే అదంతా మీటల్లోకి దూరి గడ్డకట్టింది. ఇంకొకాయన, తప్పిపోతే వెతుక్కోవచ్చని, గేదె మెడకి కట్టాడు. గేదె తప్పిపోలేదు గానీ పేజరు మాత్రం పోయింది.

చెప్పిందే చెప్పలేక నోరు నొప్పెట్టి, సత్యకుమారి ఒక అట్ట మీద ఏడు ముక్కలు రాసి గోడకి తగిలించింది. దాని నకళ్ళు తీయించి పేజరుకొకటి పంచింది. మొదటి ముక్క అన్నిటికన్నా పెద్ద మందు: బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి. నూటికి ఎనభై జబ్బులు దాంతోనే పోతాయి. తడిస్తే తుడవండి, ఎత్తయిన చోటికెక్కి ఏరియల్ పైకి లాగండి, ఇలా మధ్యలో ఇంకో అయిదు. ఏడోది ఆఖరిది: అప్పటికీ పనిచెయ్యకపోతే సెంటరుకి రండి. నేను లేకపోతే బ్యాటరీ తీసి, పేజరుని బియ్యం డబ్బాలో పెట్టి వెళ్ళండి.

బియ్యం డబ్బా అంటే బల్ల కింద ఉండే పెద్ద నూనెడబ్బా. నిండా బియ్యమే. తడిసిన పేజరు మూడు రోజులు బియ్యంలో ఉంటే తడంతా బియ్యం పీల్చేసుకుంటుంది. గోదావరి జిల్లాల్లో ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన వైద్యం.

ఆ రోజు పొద్దున్నే ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మధ్యాహ్నానికి లంకల్లో మనుషులందరూ గట్టెక్కేశారు. బళ్ళో వంటలు, చాపలు, ఏడుపులు, చీట్లపేకలు, అన్నీ మామూలే. సత్యకుమారి హమ్మయ్య అనుకుని సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. రేకుల మీద వాన మోగుతోంది. గుమ్మంలోంచి ఎర్రటి నీళ్ళు, వాటి మీద పోతున్న అరటిబోదెలు కనిపిస్తున్నాయి. వండ్రుమట్టి వాసన, కుళ్ళిన ఆకుల వాసన గదిలోకి కొట్టుకొస్తున్నాయి.

అప్పుడొచ్చాడు ఆవిడ మొగుడు తాతాజీ. నెత్తి మీద యూరియా సంచి గొంగళిలా వేసుకుని, ఒళ్ళంతా తడిసి ఉన్నాడు.

"కుమారీ, గేదెలు రెండూ పాకలోనే ఉండిపోయాయే. పలుపులు విప్పలేదంట మీ తమ్ముడు."

"పోతే పోనివ్వండి. మనిషి కన్నా ఎక్కువా?"

"రెండూ చూడి గేదెలే. కట్టుకొయ్యకి కట్టేసి చంపుకుంటామా? పలుపులు కోసేస్తే దిబ్బెక్కి వాటి బతుకేదో అవి బతుకుతాయి. గంటలో వచ్చేస్తాను."

ఆవిడ వద్దంది. రెండు సార్లు వద్దంది. కానీ తాతాజీ ఎప్పుడూ చెప్పిన మాట వినే రకం కాదు, నవ్వి మాట మార్చే రకం. పైగా ఇంజను పడవ నడపడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఇప్పుడు లేడు. కిందటేడు వరకూ ఒకడుండేవాడు.

"సరే, వెళ్ళేవారు పేజరు పట్టుకెళ్ళండి" అందావిడ.

తాతాజీ తన పేజరు బల్ల మీద పెట్టాడు. తొమ్మిదో నంబరు. చచ్చిన పీనుగులా ఉంది. బ్యాటరీ తీసి పెట్టింది, తుడిచింది, అరచేత్తో కొట్టింది. అది కళ్ళు తెరవలేదు. బియ్యంలో పడేసింది. మిగతావన్నీ బళ్ళో జనం దగ్గర ఉన్నాయి, అక్కడిదాకా వెళ్ళి తెచ్చే టైము లేదు. వాన చూస్తే గంట గంటకీ పెరుగుతోంది.

సొరుగులో ఒకటుంది. ఏడాదిగా అట్టపెట్టె కూడా విప్పనిది. కంపెనీ వాళ్ళు పోయిన పేజరుకి బదులుగా పంపింది, దానికి ఆ పోయిన దాని నంబరే వేసి పంపారు. పదిహేడు.

సత్యకుమారి చెయ్యి సొరుగు దగ్గర ఆగింది.

పదిహేడు యెహెజ్కేలుది. ఇంజను పడవ నడిపే సరంగు యెహెజ్కేలు. కిందటేడు వరదలో అతని పేజరులో నాలుగో మీట ఇసక పడి బిగుసుకుపోయింది. వారంలో మూడు సార్లు దానంతటదే "సాయం కావాలి" అని కొట్టింది. మూడు సార్లూ కుర్రాళ్ళు పడవేసుకుని పరిగెత్తారు. మూడు సార్లూ యెహెజ్కేలు ఒడ్డున కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, "నేను నొక్కలేదండి అమ్మగారూ" అన్నాడు. నాన్నా పులి కథైంది. నాలుగోసారి వచ్చినప్పుడు సత్యకుమారి అన్నం తింటోంది. ఎడం చేత్తోనే జవాబు కొట్టింది: బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి.

దానికి జవాబు రాలేదు. రెండో రోజు పడవ లాకుల దగ్గర దొరికింది. మనిషి దొరకలేదు. ఎక్కడ మునిగాడో ఎవరికీ తెలీదు. సంఘం వాళ్ళు అడిగితే, "ఏ మెసేజూ రాలేదండి" అంది సత్యకుమారి. అనే ముందు పెద్దపెట్టెలో ఆ రెండు మెసేజ్‌లూ చెరిపేసింది. ఈ సంగతి తాతాజీకి కూడా చెప్పలేదు. ఎలా చెబుతుంది?

కొత్త పేజరొచ్చిన రోజున యెహెజ్కేలు భార్య పాపాయి సెంటరుకొచ్చి గుమ్మం బయటే నిలబడింది. "ఆ నంబరు ఎవరికీ ఇవ్వకండమ్మగారూ. మనిషికి సమాధి లేదు, ఆ పెట్టె కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ నంబరింకా ఆయనదేనండి" అంది. సత్యకుమారి అలాగే అంది. పాపాయి కళ్ళలోకి మాత్రం చూడలేకపోయింది.

"ఏంటే ఆలోచన? చీకటి పడేలోగా వచ్చెయ్యాలి" అన్నాడు తాతాజీ.

ఒక్క గంటకే కదా అనుకుందావిడ. అట్టపెట్టె చింపి పదిహేడు ఆయన చేతిలో పెట్టింది.

రెండున్నరకి పెద్దపెట్టె కీచుమంది. 17: బయలుదేరాను. మూడుంబావుకి మళ్ళీ. 17: చేరాను. సత్యకుమారి "జాగ్రత్తండీ" అని కొట్టింది. మెసేజ్ చేరితే పెద్దపెట్టె తెర మీద "అందింది" అని పడుతుంది. పడింది.

ఒక క్షణం ఆగి మళ్ళీ పడింది. అందింది.

ఒక మెసేజుకి రెండు అందిందిలేంటి? వానకి స్తంభం మీద వైరు వదులైందేమో అనుకుంది. అలాంటివి ఆవిడ బోలెడు చూసింది. లేచి వైరు బిగించి వచ్చి కూర్చుంది.

నాలుగు గంటలకి కీచుమంది.

17: బ్యాటరీ తీసి పెట్టాను.

అయ్యో, కొత్తది కూడా పాడైందా అనుకుంది సత్యకుమారి. "ఏమైందండీ? మెసేజ్‌లు బాగానే వస్తున్నాయి" అని కొట్టింది. అందింది. అందింది.

17: తెర వెలగట్లేదు.

తెర వెలక్కపోతే ఈ మాటలెలా కొడుతున్నాడు ఈయన? మీటలు అలవాటే గదా, తడుముకుంటూ కొడుతున్నాడేమోలే. అలవాటుగా తల తిప్పి గోడ మీది అట్ట చూసింది. "తడిసిందేమో. పొడిగుడ్డతో తుడవండి" అని కొట్టింది.

17: పొడి అనేది లేదు.

ఆ మాట చదివి ఎందుకో ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. బయట మబ్బు బాగా దిగింది. నాలుగున్నరకే దీపాల వేళలా ఉంది. కరెంటు ఎప్పుడో పోయింది, పెద్దపెట్టె కారు బ్యాటరీ మీద నడుస్తోంది, దాని ఆకుపచ్చ వెలుగు తప్ప గదిలో వేరే వెలుగు లేదు. వాన ఒక్క నిమిషం తెరిపిచ్చినప్పుడు గట్టు కింద నీళ్ళు రాళ్ళని నాకుతున్న చప్పుడు వినిపించింది.

"ఎత్తయిన చోటికి ఎక్కి ఏరియల్ పైకి లాగండి" అని కొట్టింది.

అందింది. అందింది.

కీచుమంది. వెంటనే మళ్ళీ కీచుమంది. రెండు మెసేజ్‌లు. రెండూ పదిహేడు నుంచే. రెండిటి మీదా ఒకటే టైము, నాలుగూ నలభై రెండు.

17: ఏరియల్ ఎందుకే? బానే ఉంది. గేదెల పలుపులు కోసేశా. వస్తున్నా.

17: ఎక్కుతున్నానండి.

సత్యకుమారి ఆ రెండూ చదివింది. మళ్ళీ చదివింది. పైకి జరిపి ముందువన్నీ చదివింది. బ్యాటరీ తీసి పెట్టాను... తాతాజీని ఆవిడ బ్యాటరీ తియ్యమనలేదే. ఆ సాయంత్రం ఆ మాటే ఎత్తలేదు. ఆ మాట కొట్టింది ఒక్కసారే. ఎడం చేత్తో. ఏడాది కిందట.

దానికి జవాబు ఇప్పుడొచ్చింది.

కుర్చీలోంచి లేవబోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడేసరికి కెవ్వుమంది.

"నేనమ్మాయ్, నేను!" అన్నారు వెంకటరత్నం గారు, గొడుగు మూస్తూ. ఎరువుల కొట్టాయన, సంఘానికి ప్రెసిడెంటు. "తాతాజీ వెళ్ళాడంటగా? బుద్ధుందా ఆ మనిషికి? ఎక్కడిదాకా వచ్చాడు?"

ఆవిడ తెర చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ముక్కు తెరకి ఆనించి చదివారు.

"ఒకే నంబరు మీద రెండు పేజర్లు పలుకుతున్నట్టున్నాయి" అన్నారు.

"అవునండి."

"ఆ పాతది ఏ చేపలవాడికో దొరికుంటుంది. వేళాకోళం ఆడుతున్నాడు. ఆ నంబరు తీసేసెయ్, పీడా పోతుంది."

"తీసేస్తే ఆయనదీ పోతుందండి" అంది సత్యకుమారి. "రెండిటికీ అదే నంబరు. ఆయన నీళ్ళ మీదున్నారు."

వెంకటరత్నం గారు గొడుగు మూలన పెట్టి, ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఇద్దరూ తెర వంక చూస్తూ ఉండిపోయారు.

అయిదుంబావు. మళ్ళీ కీచుమంది. తెర మీదున్నది ఒక్క అంకె, దాని పక్కన రెండు మాటలు.

17: 4. సాయం కావాలి.

"ఎవరిది?" అన్నారు వెంకటరత్నం గారు రహస్యంగా.

"తెలీదండి."

17: 4. సాయం కావాలి.

గట్టు దిగువన ఫైరాఫీసు వాళ్ళ రబ్బరు పడవ ఉంది, నలుగురు మనుషులున్నారు. వెంకటరత్నం గారు గుమ్మంలోకెళ్ళి కేకేశారు. కింద నుంచి ఒకతను టార్చి ఊపుతూ అరిచాడు. "ఎటెళ్ళాలండీ? మొగిలిలంకకి రెండు పాయలున్నాయి! తూర్పు పాయా, పడమటి పాయా? ఈ ప్రవాహంలో ఒక దాంట్లోకి దిగితే మళ్ళీ రెండోదానికి రాలేం!"

సత్యకుమారి గబగబా కొట్టింది. "ఎక్కడున్నారు? ఏ పాయ?"

అందింది. అందింది.

ఒకేసారి రెండు కీచుమన్నాయి.

17: తూర్పు పాయ.

17: పడమటి పాయ.

అంతే. ఇంకో ముక్క లేదు. ఇందులో "అండి" లేదు, "కుమారీ" లేదు. నీళ్ళు గొంతుదాకా వచ్చిన మనిషి ఇంకేం కొడతాడు?

"అమ్మాయ్, తొందరగా తేల్చు. మనం తప్పు చెబితే వాడు పోతాడు" అన్నారు వెంకటరత్నం గారు.

తేల్చాలి. సత్యకుమారి రెండు చేతులతో తల పట్టుకుంది. నా మొగుణ్ణి నేను పోల్చుకోలేనా? ఇరవయ్యేళ్ళు ఒక కంచంలో తిన్నాం, ఒక నంబరు దగ్గర పోల్చుకోలేనా? "మన పెద్దగేదె పేరేంటి" అని కొట్టింది. అందింది, అందింది. జవాబు రాలేదు. నాలుగు, నాలుగు, నాలుగు అని వస్తూనే ఉంది. కింద నుంచి ఫైరు వాళ్ళు అరుస్తూనే ఉన్నారు.

అప్పుడు ఆవిడకి దారి తట్టింది. మూడేళ్ళుగా చేస్తున్న పనే. రెండు బల్బులు వెలుగుతుంటే ఏ స్విచ్చు దేనిదో ఎలా తెలుస్తుంది? ఒకటి ఆపి చూడాలి. ఆయన ఒక్క నిమిషం తన పేజరు ఆపితే, ఆ నిమిషంలో ఏ పాయ నుంచి మెసేజ్ వస్తే అది ఆయన కాదు. రెండో పాయలో ఉన్నది ఆయన. లెక్క తిరుగులేనిది. కంపెనీ ఇంజనీరొచ్చినా అదే చెబుతాడు.

"ఏవండీ" అని కొట్టింది. మొగుణ్ణి ఆవిడ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ప్రాణం మీదకొచ్చిన ఆ వేళ కూడా ఆ పేరు వేలి చివరికి రాలేదు. "ఏవండీ, ఒక్క నిమిషం. బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి."

పంపింది.

అందింది.

అందింది.

పంపిన తరవాత ఆ మాటలు తెర మీద కనిపించాయి. అక్షరం పొల్లు పోలేదు. కిందటేడు అన్నం తింటూ పంపినవే.

పెద్దపెట్టె కీచుమనడం మానేసింది. ఒక నిమిషం. వెంకటరత్నం గారు చేతి గడియారం వెలుగులోకి పెట్టుకుని చూస్తున్నారు. రెండు నిమిషాలు. తూర్పు నుంచీ లేదు, పడమటి నుంచీ లేదు. వాన కూడా ఉన్నట్టుండి సన్నబడింది. నాలుగు... ఆరు...

"ఇద్దరూ తీసేశారు" అంది సత్యకుమారి.

"ఇద్దరేంటమ్మా?" అన్నారు వెంకటరత్నం గారు.

పదో నిమిషంలో ఆయన ఆగలేక గుమ్మంలోకెళ్ళి, "తూర్పు పాయ! తూర్పుకెళ్ళండి!" అని అరిచారు. ఏదో ఒకటి చెప్పాలి గదా. రబ్బరు పడవ మోటారు చప్పుడు తూర్పు వైపు చిన్నదైపోయింది. ఆయన కూడా గట్టు మీదకి పరిగెత్తారు. గదిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆకుపచ్చ వెలుగు, వండ్రు వాసన. ఆ వాసన ఇప్పుడు గుమ్మం వైపు నుంచి రావట్లేదు. బల్ల కింద నుంచి వస్తోంది. లేదా ఆవిడకి అలా అనిపించింది.

ఆరుంబావుకి కీచుమంది. ఒక్కసారే.

17: తీసి పెట్టామండి.

సత్యకుమారి చాలాసేపు ఆ మాట వంకే చూసింది. ఏడవలేదు. ఏడుపు రావాలంటే ఇంకా ఏదో ఆశ ఉండాలి.

17: ఇప్పుడేం చెయ్యాలండి?

ఆవిడ గోడ వంక చూడకూడదనుకుంది. చూసింది. చీకట్లో అట్ట కనపడదు, అయినా ఏడో ముక్క ఆవిడకి కంఠతా వచ్చు. అప్పటికీ పనిచెయ్యకపోతే సెంటరుకి రండి. అది పంపకూడదు. పంపితే ఎవరొస్తారో తెలుసు. పంపకపోతే, ఆ రాని వాళ్ళలో ఆయన కూడా ఉంటాడు. ఈ గోదాట్లో రా అనే దిక్కు కూడా లేకుండా ఆయన ఉండిపోవాలా? యెహెజ్కేలు ఏడాది పాటు ఉన్నట్టు, ఎవరేం చెబుతారా అని చూస్తూ ఉండిపోవాలా?

"వచ్చెయ్యండి" అని కొట్టింది. "సెంటరుకి వచ్చెయ్యండి."

17: వస్తున్నామండి.

ఆ రాత్రి ఆవిడ తలుపు వెయ్యలేదు. గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. ఫైరు వాళ్ళు వచ్చారు, తూర్పు పాయంతా గాలించాం, ఏమీ లేదండి అని తల దించుకున్నారు. పాపాయి వచ్చింది. బళ్ళో ఎవరో చెప్పారట. గుమ్మం బయటే నిలబడి, "ఆ నంబరిచ్చారాండి?" అని మాత్రం అడిగింది. సత్యకుమారి ఏడాదిగా దాచుకున్నదంతా, అన్నం తింటూ ఎడం చేత్తో కొట్టిన దగ్గర్నుంచీ, ఆవిడకి చెప్పేసింది. పాపాయి తిట్టలేదు. కొట్టలేదు. "అయితే ఆయన నాలుగు నొక్కాడన్నమాట. నిజంగానే నొక్కాడన్నమాట" అని రెండు సార్లు అనుకుంటూ వానలో వెళ్ళిపోయింది.

మూడో రోజుకి వరద తీసింది. తాతాజీ పడవ పడమటి పాయలో దొరికిందని కబురొచ్చింది. సత్యకుమారి సెంటరుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, గట్టు వెంబడి నడిచి వెళ్ళింది. పడవ మొగిలి పొదల్లో ఇరుక్కుని ఉంది, లోపల మోకాలి లోతు బురద. ఆయన సంచి ఉంది, గేదెల పలుపులు కోసిన కత్తి ఉంది. మనిషి లేడు. దిబ్బ మీద గేదెలు రెండూ నెమరేసుకుంటూ నిలబడి ఉన్నాయి. వాటిని చూసేసరికి ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసింది. గది ఎండగా, మామూలుగా ఉంది. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరుగుతోంది. లోపల నేల పొడిగానే ఉంది. కుర్చీ, బల్ల, టీ గ్లాసు ఎక్కడివక్కడే ఉన్నాయి.

బల్ల మీద రెండు బ్యాటరీలు ఉన్నాయి. పక్కపక్కన, వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి కొత్తది. ఒకటి తుప్పు పట్టి, వండ్రు పట్టి ఉంది.

ఆవిడ వాటిని ముట్టుకోలేదు. వంగి బల్ల కింద నుంచి బియ్యం డబ్బా లాగింది. ఎప్పటికన్నా బరువుగా ఉంది. పైన బియ్యం తెల్లగా, పొడిగా ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టింది. మణికట్టు దాకా పొడి. మోచెయ్యి దగ్గర్నుంచి తడి. చల్లటి తడి. వేళ్ళకి ముందు తాతాజీ పాత పేజరు తగిలింది, తొమ్మిదో నంబరుది, మూడు రోజుల కిందట తను పడేసింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. దాని కింద ఇంకొకటి తగిలింది. దాని కింద ఇంకొకటి.

రెండిటి వెనకాలా పదిహేడు అని ఉంది. రెండిటిలోనూ బ్యాటరీ గది ఖాళీ. నేను లేకపోతే, బ్యాటరీ తీసి, బియ్యంలో పెట్టి వెళ్ళండి. చెప్పింది చెప్పినట్టు చేశారు.

బల్ల మీద పెద్దపెట్టె కీచుమంది. వెంటనే మళ్ళీ కీచుమంది.

సత్యకుమారి నేల మీద కూర్చునే తలెత్తి చూసింది.

17: బియ్యంలో పెట్టామండి. ఇప్పుడేం చెయ్యాలండి?

17: కుమారీ, ఇప్పుడేం చెయ్యాలే?

ఆవిడ గోడ మీది అట్ట వైపు చూసింది. అట్ట మీద ఏడు ముక్కలే ఉన్నాయి.